విసురువల సీసపు గుళ్ళు పగలకుండా పోసుకోవడం: నా అనుభవం

అంచు తాడు చుట్టూ నొక్కగానే నేను పోసిన సీసపు గుళ్ళు నెర్రెలిచ్చి, కొన్ని రెండు ముక్కలయ్యేవి. అచ్చును వేడిచేయడం, సీసాన్ని ఇంకా కాచడం, నెమ్మదిగా చల్లార్చడం ఏవీ పనిచేయలేదు.

లోపం లోహంలోనే ఉంది. నేను వాడినవి కార్ల చక్రాలకు బిగించే పాత తూకపు ముక్కలు. వాటి సీసంలో గట్టిదనం కోసం ఆంటిమొనీ అనే మూలకాన్ని కలుపుతారు, అందువల్ల అవి సులభంగా వంగవు. వాటిని పక్కనపెట్టి, గోటితో గీస్తే స్పష్టంగా గీత పడే పాత సీసపు గొట్టం ముక్కలను ఎంచుకున్నాను. వాటిని బాగా ఆరబెట్టి, ఆరుబయట, వంటకు వాడని ఇనుప మూకుడులో కరిగించాను. పాత లోహంలో జింకు ముక్కలు కలిసి ఉండవచ్చు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద, జింకు దాదాపు 420 డిగ్రీల వద్ద కరుగుతాయి కాబట్టి వేడిని 400 దాటనీయకుండా, పైకి తేలిన కరగని ముక్కలను గరిటెతో తీసివేశాను. ఆ తరువాత చిటికెడు మైనం వేసి కలిపి, పైన బూడిదలా చేరిన మడ్డిని తోడేసి, వెచ్చని పొడి అచ్చులో పోశాను. ఇప్పుడు పటకారుతో నొక్కితే గుండు తాడును పట్టుకొని మెత్తగా ముడుచుకుంటోంది.

ముందే రంధ్రం ఉండే గాలపు గుండ్లకు ఇంత మెత్తదనం అవసరం లేకపోవచ్చు. పాత సీసమంతా ఇలాగే ఉంటుందనీ చెప్పలేను. బ్యాటరీ పలకలను మాత్రం దయచేసి కరిగించకండి, వాటి నుంచి విషవాయువులు వెలువడే ప్రమాదం ఉంది.