మూడో వారం గండం: బరువు తగ్గే పని మధ్యలో ఆగకుండా

బరువు తగ్గాలని మొదలుపెట్టినవాళ్లు చాలామంది మూడో వారంలో మానేస్తారు. దానికి బద్ధకం కన్నా తూకం మిషనే పెద్ద కారణం. అన్నం, తీపి తగ్గించిన కొత్తలో ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ పోతూ సుమారు 3 గ్రాముల నీటిని వెంట తీసుకుపోతుంది. అందుకే మొదటి వారంలోనే కిలో, కిలోన్నర దిగి ఎక్కడలేని హుషారు వస్తుంది. ఆ తర్వాత కరగాల్సింది కొవ్వు. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు, కాబట్టి వారానికి అరకిలో తగ్గినా పని బాగా సాగుతున్నట్టే. ఈ లెక్క ముందే తెలిస్తే ముల్లు ఆగినప్పుడు "నా ఒళ్లు తగ్గే ఒళ్లు కాదు" అనిపించదు.

తూకం రోజూ పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, కాఫీకి ముందు చూసి క్యాలెండర్ గడిలో రాయండి. ఆదివారం ఆ ఏడు అంకెలూ కూడి ఏడుతో భాగించండి. ఈ సగటును పోయిన వారం సగటుతోనే పోల్చాలి, నిన్నటి అంకెతో కాదు. రాత్రి ఆవకాయ గట్టిగా కలుపుకుంటే ఆ ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, తెల్లారేసరికి కిలోదాకా పెరిగినట్టు కనిపించవచ్చు. అది కొవ్వు కాదు. ఆడవాళ్లకు నెలసరి ముందు రోజుల్లోనూ ఇంతే, అప్పుడు పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి. పదిహేను రోజులకోసారి టేపుతో నడుము కూడా కొలవండి: చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య, పొట్ట లోపలికి పీల్చకుండా. మనవాళ్లకు మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది హద్దు.

అన్నం మానొద్దు, కొలవండి

అన్నం పూర్తిగా మానేసినవాళ్లు పది రోజులకే రాత్రి పదింటికి ఫ్రిజ్ తలుపు తీస్తారు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది. దాని నిండా బియ్యం సుమారు 150 గ్రాములు, అంటే 520 కేలరీల చిల్లర. పూటకు కప్పు తినేవారు రెండు వారాలు ముప్పావు కప్పు, ఆపైన అరకప్పు వండుకోండి. వండాక తగ్గించాలంటే చేయి మాట వినదు, బియ్యం దగ్గరే తగ్గించాలి. ఆ ఖాళీని గట్టి పప్పు, కూర, ఉడికించిన గుడ్డు నింపాలి. కొర్రలు, చపాతీలు తింటున్నాం కదా అని రెట్టింపు తింటే ఫలితం ఉండదు. పీచు ఎక్కువై కడుపు నిండినట్టు ఉంటుందే కానీ, 100 గ్రాముల లెక్కన వాటి కేలరీలు బియ్యానికి పెద్ద దూరంలో లేవు. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం తగ్గించకూడదు, షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు.

నూనెకు చెంచాల లెక్క నిలవదు, తాలింపు వేసే చెయ్యి వేరొకరిది కావచ్చు. ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. మనిషికి నెలకు లీటరు అవుతుంటే 600 మిల్లీలీటర్లకు దించండి. ఒక్క ఆ మార్పుతోనే రోజుకు దాదాపు 110 కేలరీలు తగ్గుతాయి, నాలుక పెద్దగా పట్టించుకోదు.

నడక ఎగ్గొట్టే రోజులు

70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 120 కేలరీల చుట్టుపక్కల. దారిలో బండి దగ్గర రెండు మైసూరు బోండాలు తింటే ఆ లెక్క అక్కడే చెల్లు. నడకతోనే బరువు దిగాలని చూడకండి, దిగిన బరువు నిలవడానికి నడక ఎక్కువ ఉపయోగపడుతుంది. వారానికి 150 నిమిషాలు చాలు. సాయంత్రం టీ తాగాక, పిల్లల్ని బడిలో దింపాక అన్నట్టు, రోజూ ఎలాగూ చేసే పనికి దాన్ని ముడిపెట్టండి. ఎండాకాలంలో అయిదున్నరకే వెళ్లాలి, కుదరకపోతే రాత్రి భోజనమయ్యాక. ఒంట్లో ఓపిక లేని రోజుకు పది నిమిషాలు, వాన పడితే ఇంట్లోనే. అదీ లేకుండా వరసగా రెండు రోజులు మాత్రం పోనివ్వకండి. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడుసార్లు, గోడకు చేతులు ఆనించి తోయడం కూడా అన్నిసార్లే చేయండి. ఇవి లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది.

పెళ్లి భోజనం ఒక్కటే ఎవర్నీ చెడగొట్టదు. "ఈ వారం ఎలాగూ పోయింది" అనుకుని తర్వాతి ఆరు రోజులూ తినడమే చెడగొడుతుంది. ముందు పూట పస్తు ఉండకండి, ఆకలి మీద వెళితే విస్తరి ముందు నిగ్రహం నిలవదు. స్వీటు, బిర్యానీల్లో ఒకటే ఎంచుకుని, రెండోసారి వడ్డనకు ముందే "పెరుగులోకి వచ్చేశానండీ" అనండి. ఆ మాటకు వడ్డించేవారు సాధారణంగా పక్క విస్తరికి వెళ్లిపోతారు. ఇంట్లో అత్తయ్యో అమ్మో కొసరి వేస్తుంటే మీ కంచంలో మీరే వడ్డించుకోండి. సంక్రాంతి అరిసెల డబ్బా బల్ల మీంచి అటక మీదకు వెళ్లాలి.

మూడు వారాలపాటు సగటు కదలకపోతే కొత్త డైట్ వెతక్కండి. మొదట నూనె ప్యాకెట్ మీది తేదీ చూడండి. తర్వాత కాఫీలు లెక్కపెట్టండి: మూడు కప్పులు, కప్పుకు రెండు చెంచాల పంచదార అంటేనే వంద కేలరీలు పైన. ఆపైన ఆదివారం ఏం తిన్నారో రాసి చూడండి. చాలావరకు దొంగ ఈ మూడింట్లో ఒకచోట దొరుకుతాడు. అక్కడా లేకపోతే, నీరసం, జుట్టు రాలడం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష సంగతి డాక్టరును అడగండి.