సీప్యాప్ యంత్రంతో మొదటి నెల: డెల్టా ఊళ్లలో అలవాటు చేసుకునే పద్ధతి

నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోతోందని స్లీప్ స్టడీలో, అంటే నిద్రపోతున్నప్పుడు చేసే పరీక్షలో తేలి, మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ యంత్రం కొని ఇంటికి తెచ్చుకున్నవారిలో చాలామంది చేసే మొదటి పొరపాటు ఒకటే. ఆ రాత్రే, కడుపునిండా భోంచేసి, పది గంటలకు మాస్కు తగిలించుకుని, తెల్లవార్లూ నిద్రపోదామనుకుంటారు. ఒంటిగంటకు ఊపిరాడనట్లయి మాస్కు పీకేస్తారు. అలా మూడు రాత్రులు గడిచేసరికి యంత్రం అటకెక్కుతుంది. నాదీ పదకొండు రోజులు అటక మీదే ఉంది. ఒకనాడు అమలాపురం నుంచి కాలువ గట్టు రోడ్డు మీద స్కూటరుపై ఇంటికి వచ్చిన తరువాత, దారిలో ఉన్న వంతెన ఎప్పుడు దాటానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. యంత్రం లేక రాత్రి నిద్ర చెడడంతో, పట్టపగలు, కాలువ పక్కన, బండి నడుపుతూ కునుకు తీశానన్నమాట. ఆ సాయంత్రమే యంత్రాన్ని కిందికి దించి, ఈసారి రాత్రి కాకుండా పగలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మార్పు చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా యంత్రం చేసే పని ఏమిటో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. చేలకు నీళ్లు తోడే ఇంజనుకు చుట్ట చుట్టి పెట్టుకునే పల్చటి డెలివరీ పైపు ఉంటుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు అది చప్పిడిగా అతుక్కుని పడి ఉంటుంది. నీరు ఒత్తిడితో వచ్చినంతసేపు గుండ్రంగా నిలబడుతుంది. నిద్రలో కండరాలు సడలినప్పుడు మన గొంతు వెనుక భాగం కూడా ఆ పైపులాగే అతుక్కుపోతుంది. ఊపిరి పది సెకన్లు, అంతకు మించి ఆగినప్పుడు దాన్ని ఆప్నియా అంటారు. సీప్యాప్ ఆక్సిజన్ యంత్రం కాదు, మన బదులు ఊపిరి పీల్చే వెంటిలేటరూ కాదు. గదిలోని గాలినే కొద్దిపాటి ఒత్తిడితో పంపి, గొంతు మూసుకోకుండా తెరిచి ఉంచుతుంది, అంతే. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే వైద్యుడు 1980లో దీన్ని మొదట ప్రయోగించి, 1981లో ప్రకటించాడు. ఆ తొలినాళ్లలో మాస్కును ప్రతి రాత్రీ ముఖానికి జిగురుతో అంటించుకోవలసి వచ్చేది. పట్టీలు బిగుతుగా ఉన్నాయని విసుగు వచ్చినప్పుడల్లా నేను ఆ సంగతి తలచుకుంటాను.

స్లీప్ స్టడీ రిపోర్టులో ఏహెచ్ఐ అనే అంకె ఉంటుంది. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, లేదా బాగా తగ్గిందో అది చెబుతుంది. 5 లోపు ఉంటే మామూలు, 5 నుంచి 15 వరకు స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. యంత్రం ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. సాధారణంగా 4 నుంచి 20 వరకు ఉంటుంది. మీకు ఎంత కావాలన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం కాబట్టి, పక్కింటివారి అంకెను చూసి మార్చుకోకూడదు. అయితే ర్యాంప్ అనే సదుపాయాన్ని మాత్రం నిస్సంకోచంగా వాడుకోవచ్చు. అది మొదట తక్కువ ఒత్తిడితో మొదలై, మీరు నిద్రలోకి జారుకునే సమయానికి మెల్లగా అసలు ఒత్తిడికి చేరుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడిని కాస్త తగ్గించే ఏర్పాటు కూడా చాలా యంత్రాలలో ఉంటుంది. అది పెట్టారో లేదో అమ్మినవారిని అడగాలి.

మాస్కుల్లో ప్రధానంగా మూడు రకాలున్నాయి: ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనుకునేది, ముక్కంతా కప్పేది, ముక్కునూ నోటినీ కలిపి కప్పేది. నోరు తెరిచి నిద్రపోయేవారికి మూడోది అవసరం కావచ్చు గానీ, మొదటిసారి వాడేవారికి ముక్కుతో సరిపోయే మాస్కే తేలికగా అలవాటవుతుందని నా అనుభవం. గుబురు మీసం ఉంటే రెండో, మూడో రకాలు అంచుల దగ్గర సరిగా ఆనవు. కొనేటప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి చూపించి పంపించేస్తే ఒప్పుకోవద్దు. పడుకుంటే బుగ్గలు పక్కకు జారి ముఖం ఆకారమే మారుతుంది. కాబట్టి యంత్రం నడుస్తుండగా, వెల్లకిలా ఒకసారి, పక్కకు తిరిగి ఒకసారి పడుకుని చూసిన తరువాతే సైజు నిర్ణయించుకోవాలి.

ఇక పగటి అభ్యాసం. మొదటి రోజు సాయంత్రం యంత్రానికి తగిలించకుండా, మాస్కును చేత్తో ముఖానికి ఆనించుకుని, పేపరు చదువుతూ పది నిమిషాలు కూర్చోండి. పట్టీలు వేయవద్దు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చని చేతికి తెలిసి ఉంటే మనసు బెదరదు. మరునాడు యంత్రం ఆన్ చేసి, అలాగే చేత్తో పట్టుకుని ముక్కుతో ఊపిరి తీసుకోండి. నోరు తెరిస్తే గాలి నోట్లోంచి బుస్సుమని బయటికి తన్నుకొస్తుంది. కంగారుపడనక్కరలేదు, నోరు మూస్తే ఆగుతుంది. మూడోనాడు పట్టీలు వేసుకుని టీవీ చూస్తూ అరగంట. అది బాగానే సాగితే, మధ్యాహ్నం భోజనం తరువాత మనవైపు ఎవరూ మానుకోలేని ఆ కునుకును మాస్కుతో తీయండి. రాత్రి పరీక్ష ఆ తరువాతే. ఏ మెట్టు దగ్గరైనా ఊపిరి సలపనట్లు అనిపిస్తే, ముందు మెట్టుకు వెనక్కి వెళ్లి మరో రెండు రోజులు అక్కడే ఉండడం అపజయమేమీ కాదు. నాకు చేత్తో పట్టుకునే మెట్టు ఒక్కటే నాలుగు రోజులు పట్టింది.

రాత్రులు మొదలయ్యాక మొదటి వారం నిద్ర ఎంత పట్టిందని కాక, మాస్కు ఎన్ని గంటలు ముఖం మీద ఉందని మాత్రమే లెక్క వేసుకోండి. రోజుకు కనీసం నాలుగు గంటలు, పది రోజుల్లో ఏడు రోజులైనా వాడడాన్ని వైద్యులు తొలి గీటురాయిగా చూస్తారు. నిద్రపోయినంతసేపూ వాడడమే అసలు లక్ష్యం. రాత్రి మూత్రానికి లేచినప్పుడు మాస్కు విప్పకండి; గొట్టాన్ని మాత్రం ఊడదీసుకుని వెళ్లి, వచ్చి తగిలించుకోండి. విప్పిన మాస్కును నిద్రమత్తులో మళ్లీ పెట్టుకునేవారు తక్కువ.

గాలి లీకు దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు నా ఎడమ కంటి మూల చల్లగా తగులుతూ, సన్నగా ఈల వేసినట్లు వినిపించింది. అందరూ చేసే పనే నేనూ చేశాను: పట్టీలు ఇంకాస్త బిగించాను. ఈల ఇంకా పెరిగింది, పొద్దున్నకు ముక్కు దూలం మీద ఎర్రటి గీత పడింది. అసలు మెత్తటి సిలికాన్ అంచు గాలితో ఉబ్బి చర్మానికి ఆనుకోవాలి. బిగిస్తే అది నలిగి ముడత పడుతుంది, ఆ ముడతలోంచే గాలి పోతుంది. చేయవలసింది ఏమిటంటే, యంత్రం నడుస్తుండగానే పడుకుని, పట్టీలు వదులు చేసి, మాస్కును ముఖం నుంచి ఒక అంగుళం పైకెత్తి, అంచు ఉబ్బనిచ్చి, మెల్లగా మళ్లీ దించుకోవాలి. తరువాత పట్టీలను రెండు వైపులా సమానంగా, వాటి కింద రెండు వేళ్లు దూరేంత వదులుగా సర్దుకోవాలి. తలకు కొబ్బరినూనె పట్టించుకునే అలవాటు మనకు ఎక్కువ. ఆ జిడ్డు నుదుటి మీదికి దిగితే ఏ మాస్కూ నిలవదు. నూనె పొద్దున్న రాసుకుని, రాత్రి పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కోవాలి. మరొక ముఖ్యమైన హెచ్చరిక: మాస్కు ముందు భాగంలో ఉండే సన్నని రంధ్రాలలోంచి గాలి ఎప్పుడూ పోతూనే ఉండాలి, మనం వదిలిన ఊపిరి బయటికి పోయేది వాటిలోంచే. మొదటివారంలో మా ఆవిడ, "పాపం, గాలంతా ఇక్కడే పోతోందండీ" అంటూ వాటి మీద ప్లాస్టర్ అంటించబోయింది. వాటిని ఎప్పుడూ మూయకూడదు.

యంత్రం పంపే గాలికి తేమ కలిపే నీటి తొట్టి, అంటే హ్యుమిడిఫయర్ సంగతికి వస్తే, యంత్రంతో వచ్చే పుస్తకంలో ఉన్న అంకెలు మన వాతావరణానికి నేరుగా సరిపోవు. ఏసీ లేని గదిలో, జూన్ నుంచి అక్టోబరు దాకా ఉక్కపోతలో, గాలిలోనే కావలసినంత తేమ ఉంటుంది కనుక దాన్ని అతి తక్కువలో పెట్టినా, కొందరికి పూర్తిగా ఆపేసినా చాలు. ఏసీ వేసుకుంటే గాలి పొడిబారుతుంది, అప్పుడు పెంచాలి. అయితే గది చల్లగా, గొట్టంలోని గాలి వెచ్చగా ఉన్నప్పుడు, ధనుర్మాసపు మంచుకు అరటాకు మీద చుక్కలు నిలిచినట్లు, గొట్టం లోపల నీరు చేరుతుంది. తెల్లవారుజామున గుడగుడమని చప్పుడై, ముక్కు మీద చల్లటి నీళ్లు పడతాయి. యంత్రాన్ని మంచం ఎత్తుకంటే కింద, చిన్న పీట మీద పెట్టి, గొట్టానికి పాత బనీను గుడ్డ తొడిగినా, దుప్పటి కిందుగా తీసుకున్నా ఈ బాధ పోతుంది.

తొట్టిలో పోయవలసింది డిస్టిల్డ్ వాటర్. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు బోరు నీరు ఉప్పగా ఉంటుందని అందరికీ తెలిసినదే. ఆ నీరు పోస్తే వారంలో అడుగున తెల్లటి పొర కడుతుంది. బ్యాటరీలకు అమ్మే నీరు ఊపిరితిత్తులలోకి వెళ్లే గాలి కోసం తయారైనది కాదు కాబట్టి అదీ వద్దు. డిస్టిల్డ్ వాటర్ దొరకని రోజున కాచి చల్లార్చిన మంచినీరు పోయవచ్చు. క్రిములు చస్తాయి గానీ లవణాలు పోవు కనుక అది తాత్కాలికమే. ఏ నీరైనా పొద్దున్నే పారబోసి, తొట్టిని కడిగి ఆరబెట్టాలి. పొర కడితే పది వంతుల నీటికి ఒక వంతు తెల్ల వెనిగర్ కలిపి నానబెడితే వదులుతుంది. మాస్కు అంచును రోజూ, గొట్టాన్ని వారానికోసారి తేలికపాటి సబ్బు నీటితో కడిగి, ఎండలో కాకుండా నీడలో వేలాడదీయాలి. డెట్టాల్, స్పిరిట్ వాడకూడదు. నీటిలో అమృతాంజనమో, సువాసన నూనెలో కలపడం మరీ పొరపాటు.

యంత్రం గదిలోని గాలినే పీలుస్తుంది కనుక గదిలో ఏది పొగపెడితే అది మీ ముక్కులోకి వస్తుంది. దోమల కాయిల్, సాంబ్రాణి పడకగదిలో వద్దు; దోమతెర కట్టుకుని, గొట్టాన్ని దాని అంచు కింద నుంచి లోపలికి తీసుకోవడం మంచిది. సార్వా, దాళ్వా కోతల నూర్పిళ్ల దుమ్ము ఉన్న రోజుల్లో, అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు ఆడే చోట్ల, ఫిల్టరు తొందరగా నల్లబడుతుంది. పదిహేను రోజులకొకసారి తీసి చూసి, రంగు మారితే కొత్తది వేయాలి. పగలు గొట్టం చివర తెరిచి వదిలేస్తే చీమలో బొద్దింకో కాపురం పెడతాయి. సన్నని గుడ్డ కట్టి ఉంచండి.

కరెంటు పోవడం గురించి అందరూ అడుగుతారు. యంత్రం ఆగితే ఊపిరాడక చనిపోతామన్న భయం అక్కరలేదు: ముక్కు మాస్కు వాడేవారు నోటితో పీలుస్తారు, ముక్కూ నోరూ కప్పే మాస్కులో ఒత్తిడి ఆగగానే తెరుచుకునే చిన్న మూత ఉంటుంది. హ్యుమిడిఫయర్, గొట్టం వేడి ఆపేస్తే చాలా యంత్రాలు ఒక సీలింగ్ ఫ్యాను కంటే తక్కువ కరెంటుతో నడుస్తాయి. ముప్పై వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 240 వాట్-అవర్లు. మంచి స్థితిలో ఉన్న 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ దానికి తేలికగా ఓర్చుకుంటుంది. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకం అయితే మంచిది. వోల్టేజి ఎగుడుదిగుళ్లు ఉన్న ఊళ్లలో స్టెబిలైజర్ పెట్టుకోవాలి. 1996 నవంబరు 6 నాటి తుఫాను తరువాత రోజుల తరబడి చీకట్లో గడిపినవారికి తుఫాను అంటే ఒక్క రాత్రి సంగతి కాదని చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు తల వైపు ఎత్తు చేసుకుని పక్కకు తిరిగి పడుకోవాలి. మద్యం, నిద్రమాత్రలు ఆ రోజుల్లో మరింత ప్రమాదం.

కొత్తలో వచ్చే చిన్న బాధలు మరికొన్ని ఉన్నాయి. పొద్దున్న లేచేసరికి పొట్ట ఉబ్బి, త్రేన్పులు వస్తే, గాలి మింగుతున్నారన్నమాట. రాత్రి భోజనం పెందలాడే ముగించి, ఎడమ వైపు తిరిగి పడుకుని చూడండి, తగ్గకపోతే ఒత్తిడి గురించి వైద్యునితో మాట్లాడండి. నోరు పిడచగట్టుకుపోతే నోటిలోంచి గాలి పోతోందని అర్థం, గడ్డం కింద పట్టీ గానీ మూడో రకం మాస్కు గానీ అవసరం కావచ్చు. ముక్కు దిబ్బడకు పడుకునే ముందు సెలైన్ స్ప్రే వాడవచ్చు. ముక్కు నుంచి రక్తం, చెవిలో నొప్పి, ఆగని తలనొప్పి ఉంటే మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేయకుండా వెంటనే చూపించుకోవాలి.

పగటి నిద్రకూ మాస్కు కావాలన్న సంగతి చాలామందికి తట్టదు. రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండి పగలు పడుకునేవారికి వారి పగలే రాత్రి. సంక్రాంతికి చుట్టాలింటికి వెళ్లినా యంత్రాన్ని సంచిలో వెంట తీసుకువెళ్లండి. తొట్టిలో నీరు తీసేయకుండా బస్సెక్కితే ఆ నీరు యంత్రంలోకి పోతుంది. సెకండ్‌హ్యాండ్ యంత్రం చవకగా వస్తోందని ఆశపడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: లోపలి ఫోమ్ పొర శిథిలమవుతోందని ఫిలిప్స్ సంస్థ 2021 జూన్‌లో లక్షలాది యంత్రాలను వెనక్కి పిలిచింది. పాత యంత్రం కొనేముందు దాని సీరియల్ నంబరు ఆ జాబితాలో ఉందేమో చూసుకోవాలి.

నెల పూర్తయ్యాక వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు యంత్రంలోని మెమరీ కార్డునూ, వాడుతున్న మాస్కునూ తీసుకుని, పక్కన పడుకునే మనిషిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. ఎన్ని గంటలు వాడారో, లీకు ఎంతో, యంత్రం వాడుతున్నప్పటి ఏహెచ్ఐ 5 లోపుకు దిగిందో లేదో కార్డు చెబుతుంది. గురక ఆగిందో లేదో, ఏ వైపు తిరిగినప్పుడు మాస్కు ఈల వేస్తోందో చెప్పగలిగేది ఆ పక్క మనిషే.