ఎండాకాలంలో ఇంటి పని నడిపేవారు కూలీలకు వడదెబ్బ తగలకుండా చూసుకునే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానలు దిగేలోగా స్లాబ్ వేసేయాలన్న తొందరతో ఇళ్ల పనుల్లో బరువైన భాగమంతా ఏప్రిల్, మే నెలల్లోనే పడుతుంది. రాజాం, బొబ్బిలి వైపు ఎండ తీక్షణంగా ఉంటుందని అందరికీ తెలుసు గాని, కళింగపట్నం నుంచి భోగాపురం దాకా తీరం పొడవునా గాలిలో ఉండే తేమను మేస్త్రీలు అంతగా పట్టించుకోరు. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆరినప్పుడే చల్లబడుతుంది. ఉక్కపోతలో అది ఆరకుండా కారిపోతుంది కాబట్టి, 37 డిగ్రీలకే బరువు మోసే మనిషి ఒంట్లో వేడి పేరుకుపోతుంది. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో వడగాడ్పుకు 40 డిగ్రీలను హద్దుగా తీసుకున్నా, తీర ప్రాంతానికి మాత్రం మామూలు కన్నా 4.5 డిగ్రీలు పెరిగి 37 చేరితే చాలునని లెక్క పెట్టుకుంది.

అన్నిటికన్నా ముందు మార్చవలసింది పని వేళలను. మే నెలలో మన వైపు ఐదున్నరకే తెల్లవారుతుంది కాబట్టి, ఆ వేళకే పని మొదలుపెట్టి పదకొండుకు ఆపి, మళ్లీ మూడున్నర తరువాత అందుకుంటే ఎనిమిది గంటల పనీ పూర్తవుతుంది, నడినెత్తిన ఎండా తప్పుతుంది. స్లాబ్ రోజున ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒకసారి కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగడం మొదలైతే మధ్యలో ఆపడానికి ఎవరూ ఒప్పుకోరు. లైట్లు పెట్టించి తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టండి; ఎండ వేడికి కాంక్రీటు త్వరగా బిగిసి నెర్రెలు తీసే ముప్పు కూడా తగ్గుతుంది కాబట్టి ఇంటి యజమానికీ ఇది మేలే. పైన సెంట్రింగ్ రేకుల మీద నిలబడినవారికి ఎండ పైనుంచీ, రేకు వేడి కిందినుంచీ తగులుతుంది. వారిని అరగంటకొకసారి కిందికి దింపి, నీడలో ఉన్నవారిని పైకి పంపాలి.

కొత్తగా చేరినవారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వేడిలో శ్రమకు శరీరం అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పనిచోట వడదెబ్బ మరణాల్లో ఎక్కువ భాగం మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతాయి. అందుచేత కొత్త మనిషికి మొదటి రోజు ఎండలో ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచాలి. జ్వరం వల్లనో పెళ్లిళ్ల వల్లనో కొన్నాళ్లు మానేసి వచ్చిన పాత కూలీకి సగం పనితో మొదలుపెట్టి నాలుగో రోజుకు పూర్తి పని ఇవ్వవచ్చు. ఆ నాలుగైదు రోజులకూ కూలి మాత్రం తగ్గించకూడదు. తగ్గిస్తే ఎవరూ తాము కొత్తవారమని చెప్పరు.

నీళ్లు దాహం వేశాక కాకుండా, పదిహేను ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగించాలి. మనిషికి గంటకు సుమారు లీటరు అనుకుంటే, ఇరవై మందికి ఎనిమిది గంటల పనికి 160 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు ఎనిమిది కావాలి. గంటకు లీటరున్నర దాటి తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదీ ప్రమాదమే. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినంత నీటిలోనే కలపాలి. పెద్ద ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, తరవాణి, పలచని చోడి అంబలి మనవారికి అలవాటైనవే కాబట్టి పదింటికి అవి అందేలా చూడండి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకంతో ఎవరూ నీళ్లు తగ్గించకూడదు. ఒళ్లునొప్పుల మాత్రలు నీరు తగ్గిన ఒంటిలో కిడ్నీలను దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వచ్చే కూలీలకు ఈ మాట తప్పక చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత నీరు తాగాలో డాక్టరునే అడగాలి.

ఆడవారి సంగతి విడిగా చెప్పాలి. ఇసుక, కంకర గమేళాలు అందించే స్త్రీలలో చాలామంది, మరుగు చోటు లేకపోవడం వల్ల, పొద్దున ఇంటి దగ్గర తాగిన నీళ్లతోనే మధ్యాహ్నం దాకా గడుపుతారు. పక్కన చల్లని క్యాను ఉన్నా ముట్టుకోరు. నాలుగు గుంజలు పాతి తాటాకులు కట్టి చేసిన మరుగుదొడ్డి కూడా వడదెబ్బకు మందేనని నేను గట్టిగా నమ్ముతాను. తాగునీటికి అది ఆరు మీటర్ల లోపు ఉండకూడదని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు.

ఎవరికైనా తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, పిక్కలు పట్టేయడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, కొద్దికొద్దిగా నీళ్లు పట్టాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయం. నరసన్నపేట దగ్గర ఒక స్లాబ్ పనిలో మొదటి రోజు వచ్చిన కుర్రాడు గమేళా పట్టుకొని ఎటు వెళ్లాలో తెలియక గోడకేసి నడుస్తుంటే, “రాత్రి తాగీసినట్టున్నాడు” అని అందరూ నవ్వడం నేను చూశాను. అతని చొక్కా పిండితే కారేంత చెమటతో ఉంది. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని మనం విన్నది బరువు పని చేసేవారికి ప్రతిసారీ వర్తించదు. అతను బతికాడంటే, ఒక పెద్ద మేస్త్రీ ఆ నవ్వులు పట్టించుకోకుండా క్యూరింగ్ పైపు తెచ్చి తల నుంచి కాళ్ల దాకా నీళ్లు పట్టించడం వల్లనే.

మీరు చేయవలసిందీ అదే. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మిగిలినవారు మనిషిని తడుపుతూ, అట్టతోనో తువ్వాలుతోనో విసురుతూ, ఐసు దొరికితే మెడకూ చంకలకూ గజ్జలకూ ఆనించాలి. పైపు నీరు ఎండకు కాగి ఉంటుంది కాబట్టి ఆ వేడి నీటిని ముందు నేలమీదికి వదిలేశాకే ఒంటిమీద పట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. అంబులెన్సు వచ్చేదాకా తడపడం ఆపవద్దు. కోలుకున్న మనిషిని ఆ రోజు మళ్లీ పనిలోకి దించకండి; డాక్టరు సరేనన్నాక వచ్చినా, కొత్త కూలీకి ఇచ్చినట్టే ఐదో వంతు పనితో మొదలుపెట్టండి.