జపాన్ పాత బిజినెస్ హోటల్లో బట్టలు తెల్లారేసరికి ఆరాలంటే

జపాన్‌లో చవక బిజినెస్ హోటల్ గదులు బాగా ఇరుకు. కిటికీ సరిగా తెరుచుకోదు, రాత్రి ఉతికిన బనియన్ పొద్దున కూడా చెమ్మగానే ఉంటుంది. కింద కాయిన్ లాండ్రీ ఉన్నా సాయంత్రాలు మెషీన్లు ఖాళీగా దొరకవు, చాలాచోట్ల 100 యెన్ల నాణేలే కావాలి. రెండు బనియన్లు, రెండు జతల సాక్సులకు అంత తిప్పలు అక్కర్లేదు.

స్నానం చేశాక ఒళ్లు చిన్న టవల్‌తోనే తుడుచుకోండి, పెద్దది పొడిగా ఉండాలి. బట్టలు ఉతికి, పిండి, పెద్ద టవల్ మీద పరిచి చాపలా బిగువుగా చుట్టండి. దాన్ని నేల మీద పెట్టి ఒక నిమిషం మోకాళ్లతో గట్టిగా నొక్కండి. నీళ్లు చాలావరకు టవల్ పీల్చేసుకుంటుంది. తర్వాత అదే టవల్‌తో బాత్‌రూమ్ గోడలు, తొట్టి తుడవండి. ఇది మాత్రం మానొద్దు, తడి గోడల మధ్య ఏదీ ఆరదు. తొట్టి పైన గోడకు చిన్న గుండ్రటి డబ్బా ఉంటే అందులోంచి తాడు లాగి ఎదుటి కొక్కేనికి తగిలించవచ్చు. లేదంటే షవర్ కర్టెన్ రాడ్‌కు హ్యాంగర్లు వేయండి. బాత్‌రూమ్ తలుపు మూసి, అందులోని ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాత్రంతా తిరగనివ్వండి.

జీన్స్, మందపాటి కాటన్ ఇలా ఆరవు, వాటికి డ్రయ్యరే దిక్కు. పొద్దున ఉతికి బయటికి వెళ్లినా లాభం లేదు. ఇలాంటి పాత హోటళ్లలో తాళంచెవి పట్టీని తలుపు పక్కన గోడలోని స్లాట్‌లో పెడితేనే కరెంటు వస్తుంది, తీసుకెళ్తే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది.