సోదాకు బయలుదేరే ముందు కెమెరా జాగ్రత్తలు

మేడారం జాతర బందోబస్తులో పోలీసు తనిఖీలు, సోదాలు పెరుగుతాయి. కదిలే ముందే ఇవి చూసుకోండి.

కెమెరా గడప బయటే ఆన్ కావాలి. సరుకు దొరికాక మొదలుపెడితే ‘పోలీసులే పెట్టారు’ అనే వాదనకు జవాబుండదు. మధ్యలో ఆపొద్దు కూడా. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విధాన చట్టం) 105వ సెక్షన్ ప్రకారం జప్తు జాబితా రాయడం, దానిపై పంచుల (సోదాకు సాక్షులు) సంతకాలు సైతం రికార్డులో ఉండాలి. ఆ వీడియోను ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి.

అసలు ఫైలును కత్తిరించొద్దు, కొంచెం కూడా ఎడిట్ చేయొద్దు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే సైజు కుదించుకుపోయి హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) మారుతుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు కోర్టుకు ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్‌లో రాయాల్సింది అసలు ఫైలు హాషే.

ఫోన్ టైము సరిచూడండి. పంచనామాతో పది నిమిషాల తేడా ఉన్నా క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయర్లు పట్టుకుంటారు.

ఫ్లైట్ మోడ్ పెట్టండి, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు.

తాడ్వాయి అడవి దారిలో సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఖాళీ మెమరీ, పవర్‌బ్యాంక్ తప్పనిసరి.

అత్యాచార బాధితురాలి వాంగ్మూలం వీడియో గ్రూపుల్లోకి అస్సలు వెళ్లకూడదు. ఆమె ఎవరో బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, ఆమెకు అది రెండో గాయం.