లెన్స్ డిజైన్ పుస్తకాలు చదివి నేర్చుకోవడం ఎలా? ముందు ఒక్క పుస్తకం, ఒక పెన్సిల్

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తూ, సెలవుల్లో కూర్చుని లెన్స్ డిజైన్ నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసి మిర్యాలగూడ నుంచీ, అటు పాలమూరు నుంచీ కుర్రాళ్లు వస్తుంటారు. చాలామంది పెన్‌డ్రైవ్ నిండా పుస్తకాలు నింపుకుని వచ్చి, "సార్, అన్నీ ఉన్నయ్. ఏది ముందు చదవాలె?" అని అడుగుతారు. ఆరు నెలల తర్వాత మళ్లీ కనిపిస్తే ప్రతి పుస్తకంలో మొదటి అధ్యాయం మాత్రం అయ్యుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏదో లెన్స్ గీసి ఉంటారు. అది ఎందుకు అలా వచ్చిందని అడిగితే జవాబు ఉండదు. తెలివైన పిల్లలు ఇలా ఆగిపోవడం చూడలేక, ఏ పుస్తకం ఎప్పుడు తెరవాలో, ఎక్కడ ఆగాలో వరసగా రాస్తున్నాను.

కావలసినవి

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు, సైంటిఫిక్ క్యాలిక్యులేటర్. పెన్ను వద్దు, పెన్సిలే. కాలేజీ ల్యాబ్‌లోంచి పది సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న ద్వికుంభాకార కటకం ఒకటి అడిగి తెచ్చుకోండి. కళ్లద్దాల షాపు లెన్స్ దీనికి పనికిరాదు. దాని రెండు ముఖాలూ ఒకే వైపుకు వంగి ఉంటాయి, మొదట్లోనే తికమక పెడుతుంది. కంప్యూటర్ ఇప్పుడే అక్కర్లేదు.

మొదటి అడుగు: పునాది, రెండు వారాలు

ఐఐటీ ఢిల్లీలో పాఠాలు చెప్పిన అజోయ్ ఘాటక్ రాసిన 'ఆప్టిక్స్' చాలు. మన డిగ్రీ లైబ్రరీల్లో ఉంటుంది. లేకపోతే ఆదివారం పొద్దున బస్సెక్కి హైదరాబాద్ వెళ్లండి. కోఠిలోనో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత కాపీ దొరుకుతుంది. అందులో జామెట్రికల్ ఆప్టిక్స్, మాట్రిక్స్ పద్ధతి, విపథనాల (కిరణాలన్నీ ఒకేచోట కలవక బొమ్మ చెడే లోపాలు, ఇంగ్లీషులో అబెరేషన్స్) అధ్యాయాలు చదివి మూసేయండి. వ్యతికరణం, వివర్తనం గొప్ప పాఠాలే, కానీ ఇప్పుడు కాదు. లెన్స్ నేర్చుకుందామని కూర్చుని న్యూటన్ వలయాల దగ్గర మూడు నెలలు గడిపినవాళ్లు నాకు తెలుసు.

రెండో అడుగు: అసలు పుస్తకం ఎంచుకోవడం

నా మాట వింటే రుడాల్ఫ్ కింగ్స్‌లేక్ 'లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్' తీసుకోండి. ఇది 1978లో వచ్చింది. బారీ జాన్సన్ దాన్ని పెంచి, సవరించి 2010లో రెండో ముద్రణ తెచ్చారు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు రెండోదే తీసుకోవాలి.

చాలామంది వారెన్ స్మిత్ 'మోడ్రన్ ఆప్టికల్ ఇంజనీరింగ్'తో మొదలుపెట్టమంటారు. 1966లో మొదటిసారి అచ్చయిన ఆ పుస్తకం నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది, దాని మీద నాకు చాలా గౌరవం. కానీ అందులో కన్ను, పట్టకాలు, డిటెక్టర్లు, పూతలు, కొలతలు అన్నీ ఉన్నాయి. సందేహం వచ్చినప్పుడు తెరిచి చూసుకునే పుస్తకం అది. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతే లెన్స్ ఎక్కడో వెనకబడిపోతుంది.

కింగ్స్‌లేక్ దగ్గర నాకు నచ్చింది, ఆయన ప్రతి మాటకూ ఒక లెక్క చేసి చూపిస్తారు. దానికి కారణం ఉంది. ఆయన గురువు ఎ. ఇ. కాన్రాడీ, లండన్‌లో ఈ విద్యను తరగతి గదికి తెచ్చిన మనిషి. కాన్రాడీ పుస్తకం మొదటి భాగం 1929లో వచ్చింది. రెండో భాగం ఆయన 1944లో చనిపోయాక, 1960లో గానీ వెలుగు చూడలేదు. కాన్రాడీ కూతురు హిల్డాను పెళ్లి చేసుకున్న కింగ్స్‌లేక్ 1929లో అమెరికాలోని రాచెస్టర్ చేరుకున్నారు. తర్వాత కొడాక్‌లో లెన్స్ డిజైన్ విభాగం నడిపారు, పాఠాలు చెప్పడం మాత్రం మానలేదు. లాగరిథమ్ పట్టికలు పక్కన పెట్టుకుని ఒక్కో కిరణాన్ని చేత్తో లెక్కగట్టిన తరం వాళ్లది. ఆ చేతి అలవాటు పుస్తకంలో దిగింది.

కొనే స్తోమత లేనివాళ్లు దొంగ పీడీఎఫ్‌ల వెంట పడనక్కర్లేదు. అమెరికా రక్షణ శాఖ 1962లో 'ఆప్టికల్ డిజైన్' పేరుతో ఒక చేతిపుస్తకం వెలువరించింది. దాన్ని మిల్ హ్యాండ్‌బుక్ 141 అంటారు. ప్రభుత్వ ప్రచురణ కాబట్టి దర్జాగా దించుకోవచ్చు. మొత్తం ప్రింట్ తీయకండి, చాలా లావు. రే ట్రేసింగ్ (కిరణం ఒక్కో ముఖం దగ్గర ఎటు వంగుతుందో లెక్కగట్టడం), థర్డ్ ఆర్డర్ విపథనాల (నాలుగో అడుగులో వచ్చే అయిదూ ఇవే) అధ్యాయాలు మాత్రం జిరాక్స్ షాపులో తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి. ఫోన్‌లో చదివితే ఈ విద్య రాదు. సూత్రం ఒక పేజీలో, బొమ్మ ఇంకో పేజీలో ఉంటాయి, రెండింటి మధ్యా వేలు పెట్టుకుని చదవాలి.

మూడో అడుగు: చేత్తో కిరణాన్ని నడిపించడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. దీనికి నెల రోజులు పట్టినా ఫర్వాలేదు.

ముందు గుర్తుల పద్ధతి. పదో తరగతిలో చదివిందే: కాంతి ఎడమ నుంచి కుడికి పోతుంది, కాంతి పోయే దిశలో కొలిస్తే ప్లస్, ఎదురు దిశలో కొలిస్తే మైనస్. ముఖం నుంచి దాని వక్రతా కేంద్రం కుడివైపు ఉంటే వ్యాసార్థం ప్లస్, ఎడమవైపు ఉంటే మైనస్. అక్షానికి పైన ఎత్తు ప్లస్, కింద మైనస్. కిరణం ముందుకు పోతూ పైకి లేస్తే వాలు ప్లస్, కిందికి దిగితే మైనస్. అద్దం మీద పడి వెనక్కి తిరిగితే ఆ తర్వాతి దూరానికీ, వక్రీభవన గుణకానికీ రెండింటికీ మైనస్. ఈ అయిదు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాసి, కూర్చునే చోట ఎదురుగా గోడకు అంటించండి. కంఠతా వచ్చు కదా అని వదిలేయొద్దు.

ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, అన్ని పుస్తకాలూ ఒకే గుర్తులు వాడవు. కాన్రాడీ పద్ధతిలో అక్షం వైపు దిగుతున్న కిరణం కోణానికి ప్లస్. ఇప్పటి పుస్తకాల్లో అదే కోణానికి మైనస్. ఎవరి పద్ధతిలో వాళ్లకు లెక్క సరిగ్గానే వస్తుంది. ఒక పుస్తకంలో సూత్రం తీసుకుని ఇంకో పుస్తకంలో ఉదాహరణ చేశారా, ఇక అంతే. జవాబు తప్పొస్తుంది, తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా కనపడదు, ఎందుకంటే ప్రతి వరసా విడివిడిగా సరిగ్గానే ఉంటుంది. అందుకే ఈ అడుగు పూర్తయ్యేదాకా ఒక్క పుస్తకమే అంటాను. కింగ్స్‌లేక్ పాత ముద్రణనూ కొత్త ముద్రణనూ కూడా గుర్తులు సరిచూసుకోకుండా కలిపి చదవొద్దు.

ఇప్పుడు ఒక లెక్క. బీకే7 అనే మామూలు లెన్స్ గాజుతో, రెండు వైపులా 100 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో ఉబ్బిన లెన్స్. మందం 6 మి.మీ., వక్రీభవన గుణకం 1.5168. కాబట్టి మొదటి ముఖం వ్యాసార్థం +100, రెండోది −100. అక్షానికి సమాంతరంగా 10 మి.మీ. ఎత్తులో ఒక కిరణం వస్తోంది.

మొదటి ముఖం శక్తి అంటే, తర్వాతి గుణకంలోంచి ముందరి గుణకం తీసేసి వ్యాసార్థంతో భాగించడం: 0.5168 ÷ 100 = 0.005168. దీన్ని ఎత్తుతో హెచ్చించి మైనస్ పెడితే −0.05168. ఇది గుణకం, వాలుల లబ్ధం. 1.5168తో భాగిస్తే గాజు లోపలి వాలు −0.03407. ఆరు మిల్లీమీటర్లు నడిచేసరికి కిరణం ఎత్తు 9.7956కు దిగింది. రెండో ముఖం దగ్గర గాజులోంచి గాలిలోకి వస్తున్నాం కాబట్టి పైన −0.5168, కింద −100. రెండు మైనస్‌లు కలిసి శక్తి మళ్లీ +0.005168. −0.05168 లోంచి 9.7956 × 0.005168 తీసేస్తే కొత్త వాలు −0.1023. ఎత్తును వాలుతో భాగిస్తే, రెండో ముఖం నుంచి 95.75 మి.మీ. దూరంలో కిరణం అక్షాన్ని తాకుతుంది.

ఇప్పుడు రెండో వ్యాసార్థానికి మైనస్ పెట్టడం మరిచిపోయారనుకోండి. మిగతా అంతా అదే. ఫోకస్ 9.27 మీటర్ల దూరానికి పోతుంది. చేతి బెత్తెడు లోపల ఉండాల్సింది ఇల్లు దాటి వీధిలో పడింది.

ఇది నాకు జరిగిన పనే. తొలిరోజుల్లో ఇలాంటి లెన్స్ ఒకటి గీసి, తయారీకి డ్రాయింగ్ పంపాను. రెండో వ్యాసార్థం ముందు మైనస్ రాయలేదు. చేసినవాళ్లు నేను రాసింది రాసినట్టు చాలా నేర్పుగా చేసి పంపారు: ఒక వైపు ఉబ్బు, ఇంకో వైపు అంతే గుంట. వాకిట్లో ఎండలో పట్టుకుని, వెనక తెల్ల కాగితం పెట్టి ముందుకూ వెనక్కూ జరిపాను. చుక్క ఏర్పడలేదు. లెన్స్ వెడల్పంత వెలుగు మచ్చ అలాగే ఉంది. నెల జీతంలో మంచి భాగం దానికి పోయింది. ఆ లెన్స్ ఇప్పటికీ దాచాను. వచ్చిన ప్రతి పిల్లవాడి చేతిలో మొదట దాన్నే పెడతాను.

లెక్క అయ్యాక ల్యాబ్ లెన్స్‌ను మీరూ ఎండలో పట్టి కాగితం మీద ఫోకస్ కొలవండి. మన దగ్గర ఎండకు కొదవ లేదు. లెన్స్‌లోంచి సూర్యుణ్ని మాత్రం చూడొద్దు, చుక్కను ఒకేచోట ఎక్కువసేపు నిలపొద్దు, కాగితం అంటుకుంటుంది.

పై లెక్క అక్షానికి బాగా దగ్గరగా పోయే కిరణాలకు వర్తించేది. ఇప్పుడు అదే కిరణాన్ని సైన్ విలువలతో, స్నెల్ నియమం ప్రకారం, ఏమీ ఉజ్జాయింపు లేకుండా మళ్లీ నడిపించండి. మొదటి ముఖం మీద పతన కోణం సైన్ 10 ÷ 100, అంటే 0.1. గాజులో అది 0.06593. ఇలా పోతే కిరణం 94.12 మి.మీ. దగ్గర అక్షాన్ని తాకుతుంది. 95.75కూ 94.12కూ మధ్య ఉన్న ఆ 1.63 మిల్లీమీటర్లే గోళాకార విపథనం. పుస్తకంలో దాని గురించి ఎన్ని పేజీలు చదివినా రాని అవగాహన ఈ ఒక్క తీసివేతతో వస్తుంది. దశాంశాలు మధ్యలో కత్తిరించకండి, కనీసం ఆరు స్థానాలు ఉంచండి. మూడు స్థానాలకు కుదించి లెక్క చేసి, విపథనమే లేదని సంతోషపడ్డ పిల్లలున్నారు.

ఇలాంటివి ఇరవై లెన్సులు చేయండి. ఒకవైపు చదునుగా ఉన్న లెన్స్‌ను రెండు రకాలుగా తిప్పి పెట్టి చేయడం తప్పనిసరి. ఉబ్బిన ముఖం దూరపు కాంతి వైపు ఉంటే ఈ విపథనం, తిప్పి పెట్టినప్పటి దాంట్లో దాదాపు నాలుగో వంతే. కిరణాన్ని వంచే పని అంతా ఒక్క ముఖం మీద పడకుండా రెండూ పంచుకోవడమే కారణం. మోసే బరువును రెండు భుజాలకూ సర్దినట్టే. డిజైన్ అంతా తర్వాత ఈ సర్దుబాటే.

నాలుగో అడుగు: రెండు గాజులు

రంగుల విపథనం, అంటే ఒక్కో రంగు ఒక్కోచోట ఫోకస్ కావడం. ఇది తేలిక. గాజు రంగులను ఎంత తక్కువ విడదీస్తే దాని అబ్బే సంఖ్య అంత ఎక్కువ. బీకే7 అబ్బే సంఖ్య 64.17, ఎఫ్2 గాజుది 36.37. 100 మి.మీ. నాభ్యంతరం కావాలంటే ముందు లెన్స్ 43.3, వెనకది −76.4 మి.మీ. ఉండాలి. ఎలా వచ్చాయో పుస్తకం చూసి మీరే రాబట్టండి. ఆ తర్వాత 1850లలో లుడ్విగ్ సైడెల్ తేల్చిన అయిదు విపథనాల మొత్తాలు. పట్టిక గీసి, ఏ ముఖం ఎంత చెరుపు చేస్తోందో విడివిడిగా రాయండి. వారం, పది రోజుల పని.

అయిదో అడుగు: ఇప్పుడు కంప్యూటర్

రేఆప్టిక్స్ అనే పైథాన్ ప్యాకేజీ ఉచితం, నేర్చుకోవడానికి అది చాలు. మొదట మీ నోట్‌బుక్‌లోని లెన్సునే ఎక్కించండి. 95.75 రావాలి. రాకపోతే కొత్త లెన్స్ జోలికి పోవద్దు.

సాఫ్ట్‌వేర్‌కు మీరు అడిగిందే తెలుసు, అడగనిది తెలియదు. పై లెన్సునే 40 మి.మీ. వ్యాసంతో చేస్తే అంచు మందం 2 మి.మీ. కంటే కాస్త తక్కువ, ఫర్వాలేదు. 50 మి.మీ. కావాలంటే అంచు మందం మైనస్ 0.35 మి.మీ. వస్తుంది. మైనస్ మందం ఉన్న గాజు లోకంలో లేదు. హద్దులు పెట్టకపోతే కంప్యూటర్ మాత్రం దానికీ చక్కటి చుక్క గీసి చూపిస్తుంది.

ఆరో అడుగు: రెండో పుస్తకం

ఇప్పుడు వారెన్ స్మిత్ రాసిన ఇంకో పుస్తకం, 1992లో వచ్చిన 'మోడ్రన్ లెన్స్ డిజైన్' తెరవండి. అందులో ఎన్నో లెన్సుల కొలతలు, వాటి పనితీరు గ్రాఫులు ఉన్నాయి. ముందు 1893లో డెన్నిస్ టేలర్ కనిపెట్టిన కుక్ ట్రిప్లెట్ తీసుకోండి. మూడే గాజులు: మధ్యలో గుంట, అటూ ఇటూ ఉబ్బు. అయిదు విపథనాలనూ, రంగులనూ అదుపు చేయడానికి కావలసినన్ని వ్యాసార్థాలూ ఖాళీలూ సరిగ్గా అందులో ఉన్నాయి. పుస్తకంలోని కొలతలు ఎక్కించి, ఒక్కో వ్యాసార్థాన్ని ఒక శాతం మార్చి, ఏ విపథనం ఎంత కదిలిందో నోట్‌బుక్‌లో రాయండి. ఆరు ముఖాలకూ చేయాలి. ఆప్టిమైజ్ బటన్ ఆ పట్టిక నిండాకే నొక్కండి.