బ్యాటరీ సెల్ మీద ఎంఏహెచ్ కాదు, యాంప్స్ చూడండి

పోయిన ఎండాకాలం మా అక్క కొడుకు దుబాయ్ నుంచి వస్తా ఒక వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్, తెచ్చుకున్నాడు. తిరుపతిలో నా రిపేరు షాపుకొచ్చి, “మామా, నాలుగుసార్లు లాగేసరికి చెయ్యి కాలిపోతా ఉంది. ఇంకా పెద్ద సెల్ ఏదన్నా వెయ్యి” అన్నాడు. ఈ-సిగరెట్లను నిషేధించిన 2019 చట్టంతో దాన్ని మన దేశంలోకి తేవడం, అమ్మడం రెండూ నేరమని ముందు చెప్పినాను. మూత తీస్తే లోపల ఉన్నది కొత్త వస్తువేం కాదు. పలమనేరు పక్క రైతులు ఏనుగుల కాపలాకు పట్టుకుపోయే టార్చిల్లో ఉండే 18650 సెల్లే. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. దాని మీద 9900 ఎంఏహెచ్ అని అచ్చేసుంది. ఎంఏహెచ్ అంటే సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె.

ఆ అంకె అబద్ధం. ఈ సైజులో నేను కొలిచిన మంచి సెల్లు 3500 దగ్గరే ఆగిపోయినాయి. తొమ్మిదివేలని రాసుంటే ఇంకేమీ చూడకుండా పక్కన పెట్టేయండి.

బోరులో నీళ్లెన్ని ఉన్నా రెండించుల పైపులో రెండించుల ధారే వస్తుంది కదా. ఎంఏహెచ్ ఆ నీళ్లు. యాంప్స్, అంటే సెల్ ఇవ్వగలిగే కరెంటు, ఆ పైపు. సామ్‌సంగ్ 35ఈ సెల్ 3500 ఎంఏహెచ్, కానీ ఆగకుండా ఇవ్వగలిగేది 8 యాంప్సే. అదే కంపెనీ 25ఆర్ 2500 ఎంఏహెచ్, 20 యాంప్స్ ఇస్తుంది. మామూలు టార్చికి మొదటిది చాలు. వేప్‌లో మొదటిది వేస్తే పైపుకు మించి లాగినట్టే, సెల్ వేడెక్కుతుంది.

ఎంత లాగుతుందో లెక్క కట్టడం సులభం. కరెంటును అదుపు చేసే చిప్ లేని పరికరమైతే ఫుల్ చార్జ్ వోల్టేజ్ 4.2ని కాయిల్ (లోపల వేడెక్కే తీగ చుట్ట) ఓమ్స్‌తో, అంటే దాని నిరోధంతో, భాగించండి. 0.5 ఓమ్స్‌కు 8.4 యాంప్స్, 0.2కు 21. వాట్లు తిప్పుకునే పరికరంలో చాలామంది పొరబడేది ఇక్కడే: ఫుల్ చార్జ్‌తో కాదు, సెల్ దిగిపోయినప్పటి వోల్టేజ్‌తో భాగించాలి. చార్జ్ తగ్గేకొద్దీ అవే వాట్ల కోసం చిప్ ఎక్కువ కరెంటు లాగుతుంది. మావాడు పెట్టుకున్నది 60 వాట్లు. 60ని దిగిపోయిన సెల్ వోల్టేజ్ 3.2తో భాగిస్తే 18.75 యాంప్స్, చిప్‌లో వృథాగా పోయేది పదో వంతు అనుకున్నా 21 దగ్గరికి వస్తుంది. 20 యాంప్స్ సెల్‌కే అది ఎక్కువ. అబద్ధపు అంకె వేసుకున్న సెల్ ఏం తట్టుకుంటుంది?

ఇక సెల్ మీదుండే ప్లాస్టిక్ తొడుగు. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. సెల్ పైన మధ్యలో ఉండే చిన్న బిళ్ల ఒక్కటే ప్లస్. పైఅంచుతో సహా మిగతా డబ్బా అంతా మైనసే. రెండింటి మధ్య అడ్డం ఒక పల్చటి కాగితం రింగు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, అంతే. అంచు దగ్గర గోరంత చిరిగినా వాడొద్దు. కొత్త తొడుగు కొన్ని రూపాయలే. విడి సెల్‌ను జేబులో అసలు వేసుకోవద్దు. కొండకు పోతా హుండీకని తీసుకున్న చిల్లర అదే జేబులో ఉంటే చాలు, షార్టై తొడ కాలుతుంది. ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టండి. విమానమెక్కేటప్పుడు ఆ డబ్బా చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో కాదు.

చార్జింగ్ 4.2 వోల్టుల దగ్గర ఆగాలి. 45 డిగ్రీలు దాటిన వేడిలో పెట్టకూడదు. మన మే నెల ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలోంచి తీసిన సెల్‌ను నీడలో చల్లారనిచ్చి పెట్టండి. బుస్సుమన్నా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా వదిలేసి దూరం జరగండి. పొగ పీల్చొద్దు. మంట చిన్నదై ఉండి, దగ్గరికి పోకుండా పోయగలిగితే నీళ్లు ధారాళంగా పోయాలి, సెల్ చల్లబడాలి.

మావాడి సెల్‌కు మల్టీమీటర్ పెట్టి చూస్తే 1.9 వోల్టులుంది. 2.5 కన్నా దిగిన దాన్ని నేను మళ్లీ చార్జ్ చెయ్యను. రెండు చివర్లకూ టేపు చుట్టి, షాపు బయట పెట్టిన ఇసుక బకెట్‌లో వేసినాను. “ఇంకో సెల్ వెయ్యవా మామా?” అన్నాడు. టార్చి తీసుకురా, దానికి వేస్తాను అన్నాను.